శరీర లాఘవము – సంఘ లాఘవము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన సంస్థను గూర్చి మాటాడునప్పుడు దాని బలమును పొగడుట వాడుక. పుస్తకములెన్ని, చందాదారులెందఱు, బీరువాలెన్ని అని లెక్క చెప్పుదురు. ఆ లెక్క ఈ సంచికలో వేఱొకచోట నుండనే యుండును. నాకు అప్పగించిన విషయము వ్యాయామము. నేను వ్యాయామమును, సంఘమును కలిపి, బలమును గాక లాఘవమును గూర్చి కొన్ని మాటలు చెప్పదలచితిని. మన అనంతపురము సీమలో బలముండియు చెడినవారు కలరు. బలము కొంచెమైనను ఒడుపెఱిగి బ్రదికినవారు కలరు.

లాఘవమనగా వేగము కాదు. తిన్నని దారిలో ముందుగా చేరినవాడు వేగము కలవాడు. పరుగెత్తుచునే ఎదుట జరుగుదానిని కనిపెట్టి, నిలద్రొక్కుకొని, తూలక మఱొక దిక్కునకు తిరుగగలవాడు లాఘవము కలవాడు. కన్ను చూడవలెను, మనస్సు నిశ్చయింపవలెను, కాలు ఆ నిశ్చయమును నెఱవేర్పవలెను. ఈ మూడును రెప్పపాటులో జరుగవలెను. వ్యాయామశాస్త్రజ్ఞులు నేడు చెప్పునదియు నిదియే. ముందే తెలిసిన మలుపులను చుఱుకుగా తిరుగుట వేఱు, ఎదుటివాని కదలికను చూచి తిరుగుట వేఱు. మొదటిది గుంజలు పాతి వాని చుట్టును పరుగెత్తినచో వచ్చును. రెండవది ఆటలో గాని అలవడదు.

అందులకు మన పిల్లలాడు చెడుగుడును మించిన పాఠశాల నాకు తోచదు. నేటి కబడ్డీ నియమముల ప్రకారము పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. పక్షమునకు 7గురు ఆటగాండ్రు. కూతకు పోయినవానికి 30 సెకన్ల గడువు. ఆరున్నర మీటర్ల లోతు గల ఎదుటి బరిలో ఏడుగురి నడుమ తిరిగి, చేతికందినవానిని తాకి, మధ్యగీతకు రావలెను. వాడు ఎంత లోతునకు పోయెనో అంత దూరము వెనుకకు రావలెనను సంగతి గమనింపుడు. ఉన్న ఊపిరినంతయు పోవుటలోనే ఖర్చుచేసినవాడు ఎంత కండలు తిరిగినవాడైనను అక్కడనే చిక్కును.

ఇక పట్టువారిని చూడుడు. వారు ప్రక్కవాని చేయి పట్టుకొని గొలుసుగా నిలుతురు. మూలనున్నవాడు చీలమండ నందుకొనినంతనే ప్రక్కవాడు నడుము పట్టును, ఆవలివాడు దారి మూయును. ఎవరును ఎవరి యాజ్ఞకును కనిపెట్టుకొని యుండరు. నాయకుడు కేక వేసి చెప్పునంతలో కూతగాడు గీత దాటిపోవును. చేతినుండి చేతికి ప్రాకిన బిగువే వారికి వార్త. సంఘములను గూర్చి నేను చెప్పబోవు మాటలకు ఈ గొలుసే మూలము. దానిని మనస్సులో నుంచుకొనుడు.

లాఘవమను మాట మనకు క్రొత్తది కాదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామ ఫలములను చెప్పుచు లాఘవమునే మొట్టమొదట నిలిపెను. పని చేయు సామర్థ్యము, జఠరాగ్ని, క్రొవ్వు కరగుట ఆ తరువాతివి. అంతకంటె గమనింపదగిన మాట మఱొకటి కలదు. బలవంతుడు సైతము చలికాలమునను వసంతమునను తన శక్తిలో సగమువఱకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ చేయవలెననియు ఆయన విధించెను. మన ఎండలు ఎఱిగినవారికి ఇందలి వివేకము వేఱుగ చెప్పనక్కఱలేదు. మిగిలిన సగము సోమరితనమునకు విడిచినది కాదు. అది తిరిగి వచ్చుటకు దాచుకొనిన ఊపిరి.

1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల నిత్యవ్యాయామమును వర్ణించియున్నాడు. తెల్లవాఱకమునుపే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించుకొని, బరువైన మట్టి గుండ్లనెత్తి, పిమ్మట నూనె చెమటగా కాఱువఱకు కత్తి సాము చేసి, మల్లునితో కుస్తీ పట్టి, చివరకు గుఱ్ఱమెక్కి మైదానములో ఒకమాఱు ఒక దిక్కునకును, ఒకమాఱు మఱొక దిక్కునకును దౌడు తీయించెడివాడట. వరుస చూచితిరా? బరువుతో మొదలై మలుపులతో ముగిసినది. నేడు కొందఱు యువకులు పట్టణములలో బరువులెత్తుటతోడనే వ్యాయామము సమాప్తమైనదనుకొని, అద్దములో చూచుకొని ఇల్లు చేరుచున్నారు. వారిని తప్పుపట్టను గాని, వారు రాయల దినచర్యలో మొదటి మెట్టుననే నిలిచిరని మాత్రము చెప్పుదును.

అనంతపురమున 1969లో విన్సెంట్ ఫెర్రర్ పని ప్రారంభించిన ఆర్.డి.టి. సంస్థ నిర్మించిన క్రీడామైదానమున 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు జరిగినవి. కఱవు సీమ బిడ్డలు అట్టి మైదానమును కన్నులార చూచుట సంతోషము. అయినను లాఘవమునకు అంత మైదానము అక్కఱలేదు. కళ్ళపుదొడ్డి చాలును. పిల్లలకు పరుగెత్తుటతోపాటు ఆగుట నేర్పుడు. ఆగునప్పుడును, ఎగిరి దిగునప్పుడును మోకాళ్ళు కొంచెము వంగవలెను. కాళ్ళు బిఱ్ఱబిగిసి దిగినచో మోకాలి కీలు చెడును. ఆడపిల్లలకు ఈ శిక్షణ మఱింత అవసరము, ఏలనన ఆటలలో మోకాలి కీలుకు తగులు పెద్ద దెబ్బలు వారికెక్కువ. వృద్ధులు ఇది మాకు కాదని లేచిపోవలదు. 65 ఏండ్లు దాటినవారు వారమునకు కనీసము మూడు దినములు నిలుకడను, బలమును పెంచు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. గోడ ప్రక్కన ఒంటికాలిపై నిలుచుట, మడమకు వ్రేలు తగులునట్లు గీతపై నడచుట మొదలైనవి ఇంటనే చేయవచ్చును. పడి తుంటి విఱిగిన పెద్దలున్న ఇంటివారికి దీని విలువ తెలియును.

శరీరమునకు చెప్పిన ఈ మాట సంఘమునకు అన్వయించునా యని మీరడుగవచ్చును. మన జిల్లా చరిత్రయే దానికి జవాబు.

1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో 1807వఱకు ఇచట ప్రధాన కలెక్టరుగా నుండి, డేరాలలో ఊరూర తిరుగుచు రైతువారీగా శిస్తు నిర్ణయించెను. శిస్తు తేలికయైనదని కాదు. అది బరువుగా నున్నదని తగ్గింపు కోరినవాడును ఆయనయే. అయినను ఏటేట లెక్క చూచుటయు, రైతు భూమిని విడుచుకొనుటయు ఆ పద్ధతిలో నుండినవి. ఆయన వెడలిన పిదప, దూరముననున్న అధికారులు ఏటేట ఈ శ్రమ యెందులకని, 1808 మొదలు గ్రామములను మూడేండ్లకును, అటుపిమ్మట పదేండ్లకును గుత్తకిచ్చిరి. కాగితముపై అది మిక్కిలి దృఢమైన ఏర్పాటు. వాన మాత్రము పదేండ్ల ఒడంబడికపై చేవ్రాలు చేయలేదు. గుత్తదారులు పలువురు చితికిపోయిరి, చివరకు రైతువారీ పద్ధతియే మరల వచ్చెను. ఏ యేటికాయేడు తిరుగవలసిన నేలలో పదేండ్లు తిరుగని కాలు పెట్టినందుకు ఫలమది.

మన సీమ పడమటి కనుమలకు వెనుక, తూర్పు తీరమునకు దూరముగ నున్నది. నైరుతి ఋతుపవనము కనుమలపైననే కురిసి అలసి వచ్చును. ఈశాన్యము ఇచటికి చేరునప్పటికి సన్నగిల్లును. సాలుకు పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొంచెమును ఎప్పుడు పడునో తెలియదు. అందుకే పూర్వులు కొఱ్ఱ, జొన్న, సజ్జ, కంది, అలసంద, ఉలవ కలిపియో, ఒకదాని వెనుక నొకటియో వేసిరి. గడచిన శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ చేలనన్నిటిని వేరుశనగ, మనవారనెడి చెనక్కాయ, ఆక్రమించినది. నేను దానిని నిందింపను. అది రొక్కము తెచ్చినది, దాని కట్టె పశువులకు మంచి మేత, ఎఱ్ఱనేలకు సరిపడిన పైరు. కాని ఊడలు దిగువేళ వాన మొగము చాటేసినచో లక్షల ఎకరములు ఒక్కమాఱే ఎండును. ఒకే పైరు ఒకే వేళకు వేసిన జిల్లా, ఊపిరినంతయు ఒకే కూతలో పెట్టిన ఆటగానివంటిది.

జూలై చివరివఱకు పదును కుదురనిచో చెనక్కాయను విడిచి ఉలవ, జొన్న, సజ్జలకు తిరుగుడని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మాట మంచిదే. తిరుగుటెట్లు? చెనక్కాయ విత్తనమునకు అప్పటికే అప్పు చేసి, గొఱ్ఱు సిద్ధము చేసికొని, ఆకాశము చూచుచున్న రైతు చేతిలో మిగిలినదేమి? ఊరిలో ఉలవ విత్తనము లేనప్పుడు ఉపాయము తెలిసియు లాభమేమి? ఇచటనే సంఘము కావలసివచ్చుచున్నది. కొలది మూటల ఉలవలు, సజ్జలు ప్రతి యేడు ఎత్తిపెట్టి యుంచు ఊరు, ఆగస్టులో పది దినముల పదును దొరికినను తిరుగగలదు. ఆ మూటలు వాడబడని యేడు అవి దండుగ వలె కనిపించును. వాగ్భటుడు దాచుమన్న సగము అదియే.

సంఘము తిరుగుటకు రెండవ ఆటంకము, అనుమతి దూరమునుండి రావలసి యుండుట. 1964 సహకార చట్టము క్రింద రిజిస్ట్రారునకును, ప్రభుత్వమునకును పెత్తనము మెండు. ఎన్నికైన పాలకవర్గమును తొలగించు అధికారమును వారికి కలదు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చెను. ప్రభుత్వ వాటాధనము లేక, సభ్యులే ఉపవిధులను వ్రాసికొని, తమ లెక్క తాము చూచుకొను వీలు అందున్నది. 1990లో చెన్నేకొత్తపల్లి వద్ద బీడునేలలో మొదలైన టింబక్టు కలెక్టివ్ ప్రోత్సాహమున ఏర్పడిన మహిళల పొదుపు సంఘములు ఇట్టివే. (ఆ ఊరు 2022నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది, జిల్లా మాఱినను కఱవు మాఱలేదు.) అప్పు ఎవరికి, ఎప్పుడు, ఎంత యనునది ఆ వీధిలోని స్త్రీలే నిర్ణయించుటలో చెడుగుడు గొలుసు పోలిక కలదు. చేయి పట్టుకొన్నవారికే బిగువు తెలియును.

అయితే దినమునకొక తీర్మానము మార్చు సంఘము లాఘవము కలది కాదు, గాలికి తిరుగు తాటియాకు. మలుపు తిరుగునప్పుడు ఒక పాదము నేలను గట్టిగ పట్టియుండును, రెండవది తిరుగును. సంఘములో ఆ నిలిచిన పాదము లెక్కపుస్తకము, సభ్యుల నమ్మకము. వానిని కదల్పరాదు. వేళలు, చోట్లు, పద్ధతులు ఎన్నిమాఱులైనను కదల్పవచ్చును.

గ్రంథాలయములకు ఈ విద్య లోగడనే తెలిసియుండెను. 1931లో మన్నార్‌గుడి ప్రాంతమున ఎడ్లబండిపై పుస్తకములు ఊరూర తిరిగినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పడవలో గ్రంథాలయము నడిపిరి. కాలువ యున్నచోట పడవ. మనకు కాలువ లేదు, గనుక మన పడవ వేఱు రూపమున నుండవలెను.

విత్తు దినములలో సాయంత్రము ఆఱు గంటలకు తెఱచి యెనిమిదింటికి మూయు గది యెవరికి? అప్పుడు చదువరి చేనిలోనో, దారిలోనో యుండును. ఆ రెండు నెలలు వేకువ నొక గంట, రాత్రి భోజనానంతర మొక గంట తెఱచుట మేలు. రచ్చకట్టకు వారమున కొకమాఱు ఒక పెట్టెడు పుస్తకములు పోవలెను. ఏ పుస్తకములో ఆ పెట్టె మోయు యువకులే యేర్పఱచుకొనవలెను, కార్యవర్గ సమావేశమునకు కనిపెట్టుకొనరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి. పంట పోయిన యేడు కుటుంబములు బెంగుళూరు పనులకు పోవుచున్నవి. పదునైదు దినములలో పుస్తకము తిరిగి యీయనివాని పేరు కొట్టివేయు నియమము, వాన కొట్టిన దెబ్బపై మఱొక దెబ్బ. వలసపోవు ప్రతి సభ్యునికి మూడు పుస్తకములు చేతికిచ్చి, ఉగాదికి తెచ్చునట్లు ఖాతాలో వ్రాసికొనవలెనని నా ప్రతిపాదన. కొన్ని పుస్తకములు రాకపోవచ్చును. అందులకై చందా సొమ్ములో కొంత ముందే విడిగా నుంచుడు. ఈ తీర్మానమును నేటి సభలోనే కార్యవర్గమువారు చర్చకు పెట్టుదురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.