అట్టమీది ధర



ఒకే ముద్రాలయమున, ఒకే దినమున, ఒకే కాగితముపై అచ్చుపడిన రెండు పుస్తకములను మీ చేతి కిచ్చితి ననుకొనుడు. బొమ్మ యొకటే, కథ యొకటే, పుటల సంఖ్యయు నొకటే. అట్టమీది ధర మాత్రము వేరు. ఈ భేద మేల కలిగినది? వేరు ధర గల ప్రతి మొదట ఏ యూర అమ్ముడుపోయినది? ఇది పిల్లల పొడుపుకథవలె తోచును. గాని యీ ప్రశ్నను వెంబడించి యేండ్లకేండ్లు గడపిన పెద్దలు అమెరికా దేశమున పెక్కురు గలరు. దానినే గోదావరి యొడ్డున, మా ఖానాపూరులో నిలిచి యడిగినచో ఏమి సమాధానము వచ్చునో నేడు మనవి చేయదలచితిని.

ముందు అమెరికా సంగతి ముగింతును. అచ్చట బొమ్మల కథల పుస్తకములను కామిక్కు లందురు. మార్వెల్ అను ప్రచురణ సంస్థ 1976లో తన పుస్తకముల ధరను 25 సెంట్లనుండి 30 సెంట్లకు పెంచదలచి, జనులు సహింతురో లేదో చూచుటకై, 30 సెంట్లని అచ్చువేసిన ప్రతులను ముందుగా కొన్ని తావులకు మాత్రమే పంపెను. మరుసటి యేడు 30 నుండి 35కు పెంచునపుడును ఇట్లే చేసెను. 1977 నాటి ‘స్టార్ వార్స్’ మొదటి సంచికలో ఈ 35 సెంట్ల ప్రతి మిక్కిలి అరుదు. నాటి అయిదు సెంట్ల భేదము నేడు వేల డాలర్ల భేదమై కూర్చున్నది. తరువాతి పునర్ముద్రణములపై గూడ 35 సెంట్లే యుండుటచేత, ధర నొక్కదానినే చూచి మురిసినవాడు మోసపోవును.

ఇంగ్లండులో కథ వేరు. అమెరికా పత్రికల దిగుమతిపై నుండిన కట్టుబాటు 1959లో తొలగినది. అప్పుడు లెస్టరు నగరమందలి థార్ప్ అండ్ పోర్టర్ అను వర్తక సంస్థవారు తెప్పించిన పుస్తకములలో డీసీ వారి వానిపై సిరాముద్రతో పెన్నీల ధర కొట్టెడివారు. మార్వెల్ వారి వానిపై 1960 నుండి తొమ్మిది పెన్నీల ధర అమెరికాలోనే అచ్చుపడి వచ్చెడిది. ఒకటి దిగినచోట పడిన గుర్తు, మరొకటి బయలుదేరినచోట పడిన గుర్తు. ఈ తారతమ్యమును శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను; ముందు మనకు పనికివచ్చును.

మనకు సముద్రములతో పనిలేదు. మన తెలుగు దేశములోనే రెండు రూపాయలుండెను. చెన్నపట్టణమున, బెజవాడలో, రాజమహేంద్రవరమున చెల్లునది ఇంగ్లీషు రూపాయి. దానిని నిజాము రాజ్యమున ‘కల్దారు’ అనెడివారు, యంత్రముపై పోసిన నాణెమని యర్థము. హైదరాబాదు సంస్థానమున చెల్లునది చార్మినారు బొమ్మగల ‘హాలీ సిక్కా’. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు లెక్క. అనగా నూరు కల్దార్లకు నూటపదునారు రూపాయల పది యణాల యెనిమిది పైసలు. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసిన పిదప గూడ హాలీ కొన్నేండ్లు చెల్లినది.

ఈ యారేడుల లెక్క మా ప్రాంతపు పుస్తక చరిత్రకు తాళపుచెవి వంటిది. 1947 జూలైలో చెన్నపట్టణమున ‘చందమామ’ వెలువడినపుడు దాని వెల ఆరణాలు. కల్దారు ఆరణాలు సరిగా హాలీ ఏడణాలగును, చిల్లర మిగులదు. రూపాయి పుస్తకమున కట్లు కాదు. కల్దారు రూపాయి హాలీలో రూపాయి రెండణాల యెనిమిది పైసలు. ఇట్టి వెలను ఏ ప్రచురణకర్తయు బుద్ధిపూర్వకముగా నిర్ణయింపడు. కావున ఒక పాత పుస్తకము కడపటి పుటలో ‘1-2-8’ అని పెన్సిలుతో వ్రాసియున్నచో, అది చెన్నపట్టణపు సరకు నిజాము రాజ్యపు దుకాణములో దిగిన గుర్తని నేను ధైర్యముగా చెప్పుదును. ఆ మూడంకెలు థార్ప్ అండ్ పోర్టరు వారి సిరాముద్రకు తోబుట్టువులు. హైదరాబాదులో అచ్చైన గ్రంథములు కొన్నిటిపై, ముఖ్యముగా ఉర్దూ గ్రంథములపై, సిక్కా ఉస్మానియా, సిక్కా అంగ్రేజీ అని రెండు ధరలును ముందే ముద్రించెడివారు. అవి సంస్థానమున ఒక వెలకు, వెలుపల మరొక వెలకు పోవలెనని బయలుదేరినప్పుడే సంకల్పించిన పుస్తకములు.

అయితే ధర రాజ్యమును చెప్పును గాని యూరిని చెప్పదు. ఊరు తెలియవలెనన్న దారి తెలియవలెను.

ఖానాపూరునకు రైలు లేదు. తూర్పున మంచిర్యాల, నైరృతిన నిజామాబాదు; నాడు ఈ రెండు స్టేషన్లే మాకు రైలు వాకిళ్లుగా నుండెను. కాజీపేటనుండి బల్హార్షాకు రైలుమార్గము 1929 నాటికి పూర్తియైనది. చెన్నపట్టణమునుండి గాని బెజవాడనుండి గాని వచ్చు కట్ట కాజీపేట మీదుగా మంచిర్యాలలో దిగి, లక్షెట్టిపేట, జన్నారముల మీదుగా అడవిదారిని రావలెను. హైదరాబాదు కట్ట నిజామాబాదులో దిగి, గోదావరి దాటి, నిర్మల మీదుగా రావలెను. కాబట్టి ఖానాపూరులో ఒకే యింట కల్దారు పుస్తకములు, హాలీ పుస్తకములు కలిసి దొరకినచో, అవి రెండు దిక్కులనుండి వచ్చి ఒక పెట్టెలో చేరినవని తలచుట సహజము. తలచుట మాత్రమే, ఇది రుజువు కాదు.

ఏలయనగా పుస్తకము కాళ్లు లేకున్నను నడచును. తాలూకా కచ్చేరి గుమాస్తాకు బదిలీ అయినచో అతని పుస్తకములును బండి నెక్కును. ఆడపడుచు అత్తవారింటికి పోవునపుడు పెట్టెలో చీరల నడుమ నాలుగు కథల పుస్తకములు పోవును. మెట్పల్లిలో కొన్నది ఖానాపూరులో దొరకవచ్చును. ఖానాపూరులో కొన్నది నాందేడులో తేలవచ్చును. అమెరికా సంగ్రాహకులు కనుగొన్న మెలకువ యిచ్చటనే యున్నది. వారు పుస్తకము దొరకిన యూరిని లెక్కింపరు. మొదట కొన్న చేతిని వెదకుదురు. ఒకే బాలుడు నెలనెలా కొని, అటకమీద దాచి, ఎవ్వరికిని ఇయ్యక యుంచిన వరుస దొరకినచో, దానిలోని ఒక్కొక్క ప్రతియు మిగిలినవానికి సాక్షి. దుకాణదారు అట్టమీద వేసిన రాక తేది యున్నచో మరింత మేలు. ఒంటి ప్రతి ఎంత అరుదైనదైనను మూగదే.

మాకు తేదులును రెండు విధములే. సంస్థానపు కచ్చేరీలలో ఫసలీ సంవత్సరము వాడుక. సుమారు 590 కూడినచో క్రీస్తుశకము వచ్చును. కొన్నవాడు అట్టలోపల ‘1357 ఆజూరు’ అని వ్రాసికొనెనా, అది 1947 అక్టోబరు ప్రాంతము. అట్లే 1957 ఏప్రిలు 1 తరువాత అణాలు పోయి నయా పైసలు వచ్చినవి. 1964 జూను నుండి ‘నయా’ అను మాటయు పోయినది. తేది చిరిగిపోయిన సంచికను ధర మాటనుబట్టియే ఏ యేండ్ల నడుమ పెట్టవలెనో తెలియును. తపాలాలో వచ్చిన పత్రికయైనచో చుట్టుకాగితమును చూడవలెను. నిజాము తపాలా బిళ్ల సంస్థానము లోపలనే చెల్లెడిది. దానిని అంటించి వచ్చిన పత్రిక సంస్థానము దాటిన చోటినుండి వచ్చియుండదు.

ఇన్ని సాక్ష్యములు గలవు గదా, ఇంక కొరత యేమని మీరడుగవచ్చును. కొరత బైండువారి కత్తెర. మన గ్రంథాలయములలో పత్రికలను సంపుటములుగా కుట్టించునపుడు మొదట చింపివేయునది అట్టనే. ప్రకటనల పుటలను పిదప తీసివేయుదురు. కథలు మిగులును, ధర, ఏజెంటు ముద్ర, కొన్నవాని వ్రాలు, పెన్సిలు గీత చెత్తబుట్టకు పోవును. పిమ్మట పండితులు వచ్చి, ఉర్దూ బడుల కాలమున ఆదిలాబాదు సీమలో తెలుగు చదివినవారే లేరని వ్రాయుదురు. చదివినవారి చేవ్రాలు చింపివేసి, చదువరులు లేరనుట నాకు న్యాయముగా తోపదు. ఇంటిపెట్టెలే వీరికంటె మేలు. వానిలో చెద లున్నవి గాని కత్తెర లేదు.

ఖానాపూరులో ఒక యింటివారు, పేరు చెప్పవద్దనిరి, పాత కథల సంపుటములు మూడింటిని నాకు చూపిరి. కుట్టు ఇంటిలోనిది, బైండు మాత్రము పనివానిది. అట్ట లొక్కటియు లేవు. అయినను పనివాడు పొదుపరి. గట్టితనమునకై పైయట్ట లోపల పాత కాగితములను జిగురుతో పొరలు పొరలుగా అంటించినాడు. తడిగుడ్డ కప్పి, ఒక రాత్రి యుంచి, మెల్లగా ఊడదీసితిమి. లోపలివి మరేవియు గావు, ఆ సంపుటములోని సంచికల అట్టలే. పదునొకండు దక్కినవి. అచ్చుధర అన్నిటిపైనను ఆరణాలు. తొమ్మిదింటిపై మూలగా పెన్సిలుతో ఏడు అంకె. ఆ యేడు తోక యొకే తీరుగా వంగియున్నది, ఒకే చేయి. మిగిలిన రెండింటిపై ఏ గుర్తును లేదు. ఆ రెండును వరుసగా వచ్చిన నెలల సంచికలు.

ఆ రెండు నెలలు ఆ బాలుడు ఎచ్చట కొనెనో ఇంటి పెద్దామె నడిగితిని. ఆమె వ్రేళ్లు మడచి లెక్కించి, అన్నకు జబ్బు చేసి బెజవాడ ఆసుపత్రిలో నుంచిన వేసవి అదియే యనెను.