ఉత్తమర్ణు డెవడు?



విద్యానిధికి మీరొసగిన ద్రవ్యము విద్యార్థికి సంపూర్ణముగా చేరుచున్నదా యను విషయమై కొన్ని మాటలు విన్నవించుటకు లేచితిమి. ఉత్సవసమయమున బ్యాంకు రుసుముల ప్రసంగమేమని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, కాని వినుడు.

2023 జూన్ మాసమున మన నిధినుండి యొక బాలునకు 5,000 రూపాయలు పంపితిమి. అతడు అమీరుపేటలో మైత్రీవనము చెంత కంప్యూటరు విద్య నభ్యసించుచు నొక హాస్టలులో నివసించుచుండెను. వారము గడువకమున్నే, అతని భోజనపు బాకీ తీరలేదని వర్తమానము వచ్చెను. మేము బడిపంతులుగా తలనెరసినవారము గావున, బాలుడే వ్యర్థముగా వ్యయించెనని తలచి కఠినముగా మందలించితిమి. అతడు మారుమాటాడక పాసుపుస్తకమును మా చేత నుంచెను. అందు 3,584 రూపాయలే మిగిలియుండెను. ఆ బాలునకు మేము క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను.

జరిగినదిది. పంజగుట్టలోని యొక బ్యాంకు శాఖలో నతని ఖాతా కలదు. కనీస నిలువ లేదని నెలకు 200 రూపాయలు, దానిపై పన్ను 36 రూపాయలు చొప్పున తొమ్మిది నెలలు తీసిరి. ఉన్న 708 రూపాయలు మూడు నెలలకే హరించిపోగా, తక్కిన 1,416 రూపాయలను ఖాతాను సున్నకు దిగువకు దించి బాకీగా వ్రాసిరి. మన ద్రవ్యము చేరినతోడనే ఆ బాకీ చెల్లిపోయెను!

సంస్కృతమున అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, పుచ్చుకొన్నవాడు అధమర్ణుడు. మన సొమ్మును బ్యాంకులో దాచినప్పుడు మనమే ఉత్తమర్ణులము. అయినను కౌంటరు కడ నిలిచినప్పుడు మన కంఠమే తగ్గుచుండును. మేమును ఆ దినమున చేతులు కట్టుకొనియే నిలిచితిమి. “యంత్రమే తీసికొనును, మా చేతిలో లేదు” అని యధికారి సెలవిచ్చెను.

రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న వెలువరించి, 2015 ఏప్రిలు 1 నుండి అమలుపరచిన యుత్తర్వు ఇందుకు విరుద్ధముగా నున్నది. నిలువ తగ్గినప్పుడు ఖాతాదారునకు ముందుగా తెలుపవలెను. సరిచేసికొనుటకు నెల గడువీయవలెను. తగ్గిన మొత్తమునకు తగిన పాళ్ళలోనే రుసుము విధింపవలెను. కేవలమీ రుసుముచేతనే పొదుపుఖాతా సున్నకు దిగువకు పోరాదు.

ఇంటికి వచ్చి లేఖ వ్రాసితిమి. ఏ తేదీన నెంత తీసిరో, ఏ నిబంధన నతిక్రమించిరో అంతమాత్రమే వ్రాసి, శాఖలో నిచ్చి, ముద్రవేసిన రసీదు పుచ్చుకొంటిమి. విశేషణమొక్కటియు వాడలేదు, సంస్కృతము చదివినవారి కది యెంత కష్టమో మీరెరుగుదురు. ఇరువదిమూడవ దినమున 1,416 రూపాయలు తిరిగి జమయ్యెను. 708 రూపాయలు రాలేదు. బాలుడు ఫోను నంబరు మార్చి బ్యాంకునకు తెలుపలేదు; వారి సూచన పాత నంబరునకు పోయినది. ఆ దోషము మనదే.

ముప్పది దినములలో సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకొనవచ్చును. 1995లో నేర్పడిన యీ వ్యవస్థ 2021 నవంబరు 12న ఏకీకృతమైనది. అందుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కాని మొదట బ్యాంకునకే వ్రాయవలెను. ఆ రసీదు లేనిదే మొర నిలువదు.

కనీస నిలువ అవసరము లేని ప్రాథమిక పొదుపుఖాతా యొకటి ప్రతి బ్యాంకులోను గలదు. ఉన్న ఖాతానే అట్లు మార్పించుకొనవచ్చును. మన బాలురలో పెక్కుమంది దాని నెరుగరు. కావున ఈ సంవత్సరము నుండి విద్యానిధి దరఖాస్తుతో నట్టి ఖాతా పాసుపుస్తకపు నకలును కోరుచున్నాము. ఇతర ఖాతాలు గలవారు భోజనానంతరము తమ పుస్తకములను మా యొద్దకు తెండు. కండ్లజోడు తెచ్చుకొనియే వచ్చితిమి.