పోరాని దేశములు



ప్రభుత్వము తన ప్రజతో "నీవు ఆ దేశమునకు పోరాదు" అని చెప్పవచ్చునా? చెప్పినచో ఆ మాట ఎంతవరకు చెల్లును? ఇది ఢిల్లీలో పుట్టి న్యాయస్థానములలో తేలవలసిన ప్రశ్నయని తోచవచ్చును. కాని పెదపాడు, వట్లూరు, కలపర్రు మొదలుకొని కొల్లేటి లంకలవరకు ఇది మన చావడి అరుగుమీదికే వచ్చుచున్నది. కూతురు కువైటు పోవుటకు లక్ష రూపాయలు అప్పు కావలెనని ఒక తండ్రి వచ్చును. ప్రామిసరీ నోటు వ్రాయబడును. సాక్షి సంతకమునకు కలము మీ చేతి కందింతురు. ఆ బిడ్డ పోవుచున్న త్రోవ ప్రభుత్వము తెఱచినదో, మూసినదో ఆ క్షణమున అడుగువారు అరుదు. ఆ సంగతియే ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచితిని.

దూరదేశము మనకు క్రొత్త కాదు. కోరంగి, కాకినాడ రేవులలో ఓడలెక్కి రంగము పోయినవారి మనుమలు నేటికిని గోదావరి జిల్లాలలో నున్నారు. బర్మా 1937 ఏప్రిలు 1వ తేదివరకు హిందూదేశముతో కలిసియే యుండెను గనుక ఆ ప్రయాణమునకు ఓడ టిక్కెట్టున్న చాలును. మలయా, సింహళములకు పోవు కూలీల సంగతి వేరు. వారిపై 1922 నాటి వలస చట్టము కన్నుండెను. 1938లో మలయాలోని రబ్బరు తోటల యజమానులు కూలిరేటు తగ్గింపగా, హిందూదేశ ప్రభుత్వము ఆ సంవత్సరము జూను 15న పరుల ఖర్చుపై అచటికి కూలీలను తరలించుటను నిలిపివేసెను. మఱుసటి యేడు ఆగస్టులో సింహళమునకును అట్లే నిలిపిరి. మా మనిషికి తగిన కూలి యీయనిచో మా రేవునుండి మనిషిని పంపము అనుట ఆ నిషేధమునకు అర్థము. అది కూలివాని పక్షమున పట్టిన పట్టు.

దక్షిణాఫ్రికా విషయము ఇంకొక తీరు. 1860 మొదలు 1911 వరకు నేటాలు చెఱకుతోటలకు మనదేశమునుండి సుమారు 1,52,000 మంది ఒప్పందపు కూలీలు పోయిరి. వారిలో అధికభాగము మదరాసు రేవున ఓడ లెక్కినవారు. వారిలో తెలుగువారు వేలకొలది గలరు. డర్బనులో 1931నుండి ఆంధ్ర మహాసభ యున్నది. అచటి తెల్లదొరతనపు వర్ణవివక్షకు నిరసనగా 1946లో మనదేశము వర్తకము తెంచివేసినది. స్వతంత్రము వచ్చిన తరువాత మన పాసుపోర్టులపై, దక్షిణాఫ్రికా తప్ప తక్కిన దేశములకు చెల్లునని చిరకాలము ముద్ర వేసిరి. తిరిగి రాయబారములు కుదిరినది 1993లో. అది ధర్మమైన నిషేధమే యని నా నమ్మకము. అయినను నేటాలులో పినతండ్రి బిడ్డలున్న కుటుంబమునకు ఆ ముద్ర యెట్లుండెనో తలచుకొనుడు. జాతి గౌరవమునకు కట్టిన గోడ బంధువుల నడుమ కూడ లేచినది.

ఇక చట్టమును చూతము. 1967 వరకు పాసుపోర్టు ఇచ్చుటయు, మానుటయు సర్కారువారి దయాధర్మముగనే యుండెను. ఆ మాటను త్రోసివేసినవాడు మన గోదావరి బిడ్డయే. రాజమహేంద్రవరమున పుట్టిన కోకా సుబ్బారావుగారు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నుండి, 1967 ఏప్రిలు 10న, సత్వంతసింగు సాహ్నీ యను వర్తకుని వ్యాజ్యములో తీర్పు చెప్పిరి. విదేశమునకు పోవు హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమనియు, చట్టము లేక అధికారి యిష్టము చొప్పున దానిని హరింపరాదనియు ఆ తీర్పు సారాంశము. అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు వేఱొకవైపు నుండిరి. మఱునాడే ఆయన పదవి విడిచి రాష్ట్రపతి యెన్నికకు నిలిచిరి. చట్టము లేదని కోర్టు అన్నది గనుక ప్రభుత్వము ఆ సంవత్సరము జూను 24న పాసుపోర్టుల చట్టము తెచ్చెను.

ఆ చట్టములోని 19వ సెక్షను మన ప్రశ్నకు జవాబు. మనపై దండెత్తిన దేశము, ఆ దేశమునకు తోడ్పడు దేశము, యుద్ధము జరుగుచున్న దేశము, పోయినచో మన విదేశ వ్యవహారములకు తీవ్రమైన చేటు కలుగునని ప్రభుత్వము భావించిన దేశము: వీనిని పేర్కొని ప్రకటన చేసినచో, ప్రత్యేకానుమతి లేని పాసుపోర్టు ఆ దేశమునకు చెల్లదు. ఇట్లు ఇటీవలి కాలమున 2004లో ఇరాకునకు, 2016 మే నెలలో లిబియాకు, 2017 సెప్టెంబరులో యెమెనునకు కట్టడి చేసిరి. ఈ కట్టడులు ఊరక చేసినవి కావు. 2014 జూనులో ఇరాకులోని మోసూలునొద్ద చెరపట్టబడిన మనదేశపు కూలీలు 39 మంది మరణించిరని 2018 మార్చిలో పార్లమెంటునకు తెలిపిరి. లిబియాలో సిర్తు పట్టణమున ఇద్దరు తెలుగు అధ్యాపకులు 2015 జూలైలో చెరబడి, పదునాలుగు మాసములకు కాని బయటపడలేదు.

అయినను జనము పోవుట మానలేదు. ఇరాకుపై కట్టడి యున్న యేండ్లలో కువైటు, జోర్డానుల మీదుగా మనవారు అచట చేరిరి. లిబియాపై నిషేధము అమలులో నుండగనే, 2020 సెప్టెంబరులో ఏడుగురు భారతీయ కూలీలను అచట అపహరించిరి. వారిలో ఆంధ్రప్రదేశమువారును గలరు. వారు ఇంటికి వచ్చుటకు విమానాశ్రయమునకు పోవుచు త్రోవలో చిక్కిరి. లిబియాలో మన రాయబార కార్యాలయము లేకుండుటచే పొరుగున ట్యునీషియాలోని మన రాయబారి మధ్యవర్తుల ద్వారా యత్నింపగా అక్టోబరులో విడుదలైరి. నిషేధము వారిని ఆపలేదు. ఆపదలో వారిని విడువకుండుట మాత్రము ప్రభుత్వము చేసిన మంచిపని.

యుద్ధభూములకు పోవువారు మన ప్రాంతమున కొద్దిమందియే. కువైటు, మస్కటు, దుబాయిలకు పోవు ఆడువారు అనేకులు. ఆచంట, పాలకొల్లు, నరసాపురము, కోనసీమ సీమలలో ఇది పాత వాడుక. 2006లో కొల్లేటి అభయారణ్యమున చేపల చెఱువుల గట్లు త్రెంచిన పిమ్మట దూరపు పనులు వెదకుకొనవలసి వచ్చిన కుటుంబములు మన లంకలలోను లేకపోలేదు. ఈ దేశములు పోరాని దేశములు కావు. కాని కొందఱకు మాత్రము పోరానివి. ఆ మెలిక మన పల్లెలలో తెలిసినవారు తక్కువ.

1983 నాటి వలస చట్టము క్రింద గల్ఫు రాజ్యములతో సహా 18 దేశములను ప్రత్యేకముగ నెన్నిరి. పదవ తరగతి గట్టెక్కిన మనిషి ఆ దేశములకు ఉద్యోగమునకై పోవుటకు సాధారణముగ ఎవరి అనుమతియు అక్కఱలేదు. పదవ తరగతి తప్పినచో వలస రక్షకాధికారి అనుమతి కావలయును. అట్టి స్త్రీ ముప్పది యేండ్లు నిండనిదైనచో ఇంటిపనికి అనుమతియే లేదు. 2016నుండి అట్టి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెనని నియమము పెట్టిరి. మన రాష్ట్రమున ఓంక్యాపు అను సంస్థ అట్టిది. పదవ తరగతి సర్టిఫికెట్టునకు ఇంత బలమున్నదని మన బడి పంతుళ్లు చెప్పిన, బడి మానిపించు తల్లిదండ్రులు కొంత వెనుదీయుదురేమో!

ఉద్దేశము మంచిదే. పడుచుపిల్ల పరాయి యింట చిక్కి చెడునని భయపడిరి. జరిగినదేమి? ఇరువదియాఱేండ్ల పిల్లకు ఏజెంటు విజిటు వీసా తెచ్చును. చుట్టమును చూడబోవుచున్నానని చెప్పుమని నేర్పును. విమానాశ్రయమున తనిఖీ బల్ల దాటించుటకు కొంత సొమ్ము చేతులు మాఱును. ఏజెంట్ల భాషలో దీనికి పుషింగు అని పేరు. త్రోయుట యని అర్థము. అంతకంటె సరియైన పేరు దొరకదు. ఆ త్రోపుతో ఆమె దేశము దాటును, ప్రభుత్వపు లెక్కలోనుండియు జాఱిపోవును. ఆమె యజమానుని పేరు మన రాయబారి వద్ద నుండదు. జీతమెంతయో వ్రాసిన ఒప్పందము చూచి ముద్ర వేసినవారుండరు. రెండేండ్లకు 275 రూపాయలు కట్టినచో ప్రమాద మరణమునకు పది లక్షలు వచ్చు ప్రవాసి భారతీయ బీమా, అనుమతి పొంది పోవువారికి తప్పనిసరి. ఈమెకు అది లేదు.

కువైటులో చట్టము లేకపోలేదు. 2015లో వారు ఇంటిపనివారికై ఒక చట్టము చేసిరి. రోజునకు పండ్రెండు గంటలకు మించి పనిచేయింపరాదనియు, వారమున కొకరోజు సెలవీయవలెననియు అందున్నది. మఱుసటి యేడు కనీస జీతము 60 దీనారములని నిర్ణయించిరి. కాని ఆ హక్కు అడుగవలెనన్న చేతిలో కాగితముండవలయును. బాధ కోర్వలేక ఆ యిల్లు విడిచిన మనిషిపై యజమానుడు పాఱిపోయినదని ఫిర్యాదు చేసినచో అకామా పోవును. అట్టివారు 2018లోను, 2024లోను కువైటు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడు వరుసలు కట్టి యిల్లు చేరిరి.

నే నెఱిగిన యొక ముసలితల్లి కూతురు ఇట్లే పోయినది. ఆఱు నెలలు సొమ్ము వచ్చి, పిదప ఫోను నిలిచిపోయినది. ఆ తల్లి నా యొద్దకు వచ్చి, అమ్మాయి ఏ యింట నున్నదో కనుగొనుమని యడిగినది. ఏ కాగితమున్నదని నే నడుగగా అప్పునోటు నకలు తీసినది. ఇంటిలో నున్నది అదొక్కటే. దానిపై ఊరి పెద్దలిద్దఱి సాక్షి సంతకములు చక్కగా నున్నవి. కూతురి పాసుపోర్టు నంబరు ఎచటను లేదు. ఫిర్యాదు చేయుదమన్నచో ఆమె వణకినది. మీ అమ్మాయియే దొంగత్రోవను పోయినది, ముందు మిమ్ము పట్టుకొందురని ఏజెంటు చెప్పెనట! అనుమతి లేక పోవుట తప్పే, కాదనను. అయితే లైసెన్సు లేక మనుష్యులను కుదుర్చువానికి ఆ చట్టమే జైలు విధించినది. ఫిర్యాదు చేసిన తల్లిని చెరసాలలో పెట్టినట్లు నేనింతవరకు వినలేదు. ఆ భయమే వాని పెట్టుబడి.

కావున ముప్పదియేండ్ల కట్టడిని ఎత్తివేయవలెనని కొందఱందురు. గట్టిగ నుంచవలెనని కొందఱందురు. నా తలంపున వయస్సు రక్ష కాదు; ముద్రపడిన ఒప్పందమే రక్ష. ఒకే యీడు పిల్లలలో పదవ తరగతి దాటిన దానికి ద్వారము తెఱచి, తప్పినదానికి మూసి, ఆ మూసిన ద్వారము ప్రక్కన ఏజెంటు నిలుచుండుట చూచి యూరకుండుట న్యాయము కాదు. 1938లో మలయా తోటలవారితో కూలిరేటుకై పట్టుపట్టినట్లు, కువైటు యజమానునితో జీతమునకై పట్టుపట్టిన నిషేధమునకు అర్థముండును.

ఆ మార్పు ఢిల్లీలో జరుగువఱకు మీ చేతిలోనిది సాక్షి సంతకము. నోటు మీ ముందుకు వచ్చినప్పుడు, ఆమెది ఏ వీసా, విజిటా, పనిదా యని యడుగుడు. ఏజెంటు లైసెన్సు నంబరు అడుగుడు. లైసెన్సున్నవారి పట్టిక ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో నున్నది, చదువుకొన్న కుఱ్ఱవాడు ఫోనులో నిమిషమున చూపును. లైసెన్సున్న ఏజెంటు సేవకు పుచ్చుకొనదగినది ముప్పదివేల రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. లక్ష అడుగువాడు దేనికి అడుగుచున్నాడో తండ్రి యెదుటనే వానిని చెప్పమనుడు. సంతకము చేయుటకు ముందు పాసుపోర్టు, వీసా, ఒప్పందము, బీమా, ఈ నాల్గింటి నకళ్లు నోటుతో కలిపి కుట్టించి ఒక ప్రతి మీ పెట్టెలో నుంచుకొనుడు. యజమానుని యింటి చిరునామాయు, ఫోను నంబరును ఆ నోటు వెనుకనే తెలుగులో వ్రాయింపుడు.