బంతి జారవిడిచినవాడు

  వంటింట్లో పని చేసుకుంటున్న సహోదరీ, పని ఆపనవసరం లేదు, చేసుకుంటూనే వినండి. మంచం మీద ఉండి వింటున్న పెద్దలారా, ప్రభువు మీకు తోడైయుండును గాక.

ఈ రోజు ఒక ఆటను గురించి చెప్పబోతున్నాను. పాస్టరు గారికి ఆటల గోల ఎందుకని నవ్వకండి. చివరిదాకా వినండి.

2017 నవంబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ పట్టణానికి కూడికల నిమిత్తం వెళ్ళాను. అక్కడ ఒక తెలుగు కుటుంబం నన్ను వారింట ఉంచుకున్నారు. భక్తిగల కుటుంబం. ఆయన కంప్యూటర్ ఉద్యోగి. వారికి పదేళ్ళ బాబు. ఆ తండ్రికీ కొడుక్కీ ఒక పిచ్చి ఉంది. అది ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్.

మన ఊళ్ళలో కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతిలో పట్టుకుని, అడ్డం వచ్చినవారిని తప్పించుకుంటూ, వంద గజాల మైదానంలో అవతలి గీత దాటించాలి. బంతి చేతిలోంచి జారితే అవతలి జట్టువాళ్ళు ఎగరేసుకుపోతారు. దాన్ని ఫంబుల్ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ బ్రౌన్స్ జట్టు 1946లో మొదలైంది. ఒకప్పుడు గొప్ప జట్టు. 1964 డిసెంబరు 27న బాల్టిమోర్ కోల్ట్స్‌ను 27-0తో ఓడించి ఛాంపియన్ అయింది. అదే ఆఖరు. ఆ తరువాత సూపర్ బౌల్ అనే పెద్ద పోటీ మొదలైంది గాని, అందులో ఆడే అవకాశం ఈ జట్టుకు ఒక్కసారి కూడా రాలేదు. నేను వెళ్ళిన సమయానికి పరిస్థితి మరీ ఘోరం. 2016లో 16 ఆటలాడి ఒక్కటే గెలిచారు. 2017లో అప్పటికి తొమ్మిది ఆడి తొమ్మిదీ ఓడిపోయారు.

నవంబరు 19, ఆదివారం. ఉదయం ఆరాధన ముగించుకుని, భోజనం చేసి కూర్చున్నాం. టీవీలో ఆట మొదలైంది. ఉదయం ఎంతో చక్కగా ప్రార్థన చేసిన ఆ సహోదరుడు ఆ మధ్యాహ్నం వేరే మనిషైపోయాడు. "వీడికి జీతం దండగ! వాడు చేతకానివాడు! వీళ్ళు మనుషులా!" అని ఒకటే కేకలు. ఆయన భార్య వంటింట్లోంచి, "ఏమండీ, అయ్యగారు ఉన్నారు" అని రెండుసార్లు హెచ్చరించింది. బ్రౌన్స్ 19-7తో ఓడిపోయారు. పదవ ఓటమి.

టీవీ కట్టేశారు. ఇల్లంతా చావు ఇల్లులాగా ఉంది. అప్పుడు ఆ బాబు ఒక బంతి పట్టుకుని వచ్చాడు. "డాడీ, కాసేపు ఆడదామా? నిన్న మా ఫ్రెండ్స్‌తో ఆడినప్పుడు బాల్ వదిలేశాను. ప్రాక్టీస్ చేయించవా?" అన్నాడు.

తండ్రి తలెత్తకుండానే, "నువ్వూ వాళ్ళలాంటోడివే. చేతిలోకొచ్చింది పట్టుకోవడం చేతకాదు" అన్నాడు.

బాబు ఏమీ అనలేదు. బంతిని సోఫా పక్కన పెట్టాడు. ఒంటిమీదున్న బ్రౌన్స్ చొక్కా విప్పి, మడతపెట్టి బంతి మీద ఉంచాడు. మేడమీదికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ప్రియులారా, కోపం రావడం తప్పా? ఆశపెట్టుకున్నది విఫలమైనప్పుడు బాధ కలుగుతుంది. కీర్తనలు రాసిన భక్తులు కూడా ఇంకా ఎన్నాళ్ళని దేవుణ్ణి నిలదీసి అడిగారు. దేవుడు వారిని గద్దించలేదు. బాధను దేవుని ఎదుట కుమ్మరించవచ్చు. కాని ఆ బాధ ఒక మనిషి మీద తిరస్కారంగా మారినప్పుడు జాగ్రత్త! తిరస్కారానికి గురి చూసి కొట్టడం తెలియదు. టీవీలోని ఆటగాడి మీదికి విసిరిన రాయి, ఇంట్లో ఉన్న పసివాడికి తగిలింది. మన దేశంలో క్రికెట్ ఓడిపోయిన రోజున దిష్టిబొమ్మలు కాల్చడం మీరు చూడలేదా? ఆ సాయంత్రం ఆ ఇళ్ళలో భార్యతో, పిల్లలతో ఎవరు ఎలా మాట్లాడారో పేపర్లో రాదు.

ఆ రాత్రి భోజనానికి పొరుగింటి పెద్దాయనను పిలిచారు. అమెరికా దేశస్థుడు, డెబ్భై దాటిన మనిషి, వారి సంఘ సభ్యుడు. ఆయన రాగానే బాబు ఎక్కడని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. సోఫా పక్కన బంతినీ దానిమీద మడతపెట్టిన చొక్కానూ చూసి, ఆయనకు కొంత అర్థమైంది. "నేనొక మనిషి సంగతి చెబుతాను" అన్నాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పినది నా మాటల్లో మీకు చెబుతాను.

1987 జనవరిలో బ్రౌన్స్ జట్టు సూపర్ బౌల్‌కు ఒక్క గెలుపు దూరంలో నిలిచి డెన్వర్ చేతిలో ఓడిపోయింది. మరుసటి ఏడు, 1988 జనవరి 17న, మళ్ళీ అదే డెన్వర్‌తో, మళ్ళీ అదే మెట్టు మీద పోటీ. సగం ఆట అయ్యేసరికి బ్రౌన్స్ 21-3తో వెనుకబడ్డారు. ఆట అయిపోయిందనుకున్నారు అందరూ. అప్పుడు ఎర్నెస్ట్ బైనర్ అనే ఆటగాడు జట్టును భుజాన వేసుకున్నాడు. పరుగుతో 67 గజాలు, బంతి అందుకుని 120 గజాలు, మొత్తం 187 గజాలు ఆ ఒక్క రోజున సాధించాడు. రెండుసార్లు గీత దాటాడు. స్కోరు 31-31 సమానమైంది. డెన్వర్ మరోసారి ముందుకు వెళ్ళింది, 38-31. ఇక నిమిషం పైచిలుకు సమయం మాత్రమే ఉంది. బంతి బైనర్ చేతికిచ్చారు. పరుగెత్తాడు. గీత రెండు మూడు గజాల దూరంలో ఉంది. దారి తెరచి ఉంది. సరిగ్గా అక్కడ, డెన్వర్ ఆటగాడొకడు చెయ్యి వేసి లాగాడు. బంతి జారిపోయింది. బ్రౌన్స్ ఓడిపోయారు.

ఆ సంఘటనకు అక్కడివారు ఒక పేరు పెట్టారు. "ది ఫంబుల్". 187 గజాలను జనం మరచిపోయారు. ఆ మిగిలిపోయిన రెండు గజాలే అతని పేరైపోయింది. 1989లో అతణ్ణి వాషింగ్టన్ జట్టుకు ఇచ్చేశారు.

పెద్దాయన అన్నాడు: "ఆ రాత్రి నేను టీవీ ముందు నిలబడి, ఈ మనిషి మళ్ళీ మా ఊళ్ళో అడుగుపెట్టకూడదు అన్నాను. ఏళ్ళ తరబడి అతని పేరెత్తితే చాలు, తిట్టాను. ఆదివారం గుడిలో కూర్చునే తిట్టాను."

అటు వాషింగ్టన్‌లో ఏమైంది? 1992 జనవరి 26న ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఆటలో బంతి అందుకుని గీత దాటినవారిలో బైనర్ ఒకడు. తరువాత 1994లో అతడు తిరిగి ఎక్కడికి వచ్చాడో తెలుసా? క్లీవ్‌లాండ్‌కే. తనకు ఆ చెడ్డపేరు పెట్టిన ఊరికే వచ్చాడు.

1995 నవంబరు 6న ఆ ఊరి నెత్తిన పిడుగు పడింది. జట్టు యజమాని, జట్టును బాల్టిమోర్ పట్టణానికి తరలిస్తున్నట్లు ప్రకటించాడు. డిసెంబరు 17న క్లీవ్‌లాండ్‌లో ఆఖరి ఆట. చలిలో వేలాదిమంది వచ్చారు. డాగ్ పౌండ్ అని పిలిచే మెట్ల మీద, కుక్క ముఖాల ముసుగులు వేసుకుని అరిచే వీరాభిమానులు కూర్చునే చోట, ఈ పెద్దాయన కూడా ఉన్నాడు. జనం కుర్చీలు ఊడబెరుకుతున్నారు, ఏడుస్తున్నారు. ఆ రోజు బ్రౌన్స్ 26-10తో గెలిచారు. బైనర్ ఒక్కడే వందకు పైగా గజాలు పరుగెత్తాడు. ఆట ముగిసింది. కొందరు ఆటగాళ్ళు నేరుగా ఆ మెట్ల దగ్గరకు వచ్చి, ఏడుస్తున్న అభిమానుల చేతులు పట్టుకున్నారు. వారిలో బైనర్ ఉన్నాడు.

"మామీద కోపగించుకునే హక్కు ఆ మైదానంలో ఎవరికైనా ఉంటే అది అతనికే ఉంది. అతడే మమ్మల్ని ఓదార్చడానికి వచ్చాడు. నేను తిట్టిన మనిషి చెయ్యి నా ఎదుట ఉంది. నేను పట్టుకున్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు" అన్నాడు పెద్దాయన. అలా అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

బల్ల దగ్గర నిశ్శబ్దం. ఆ సహోదరుడు లేచాడు. బంతీ చొక్కా తీసుకుని మేడమీదికి వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కాసేపటికి ఇద్దరూ కోట్లు తొడుక్కుని దిగివచ్చారు. అంత చలిలో, ఇంటి ముందు లైటు వెలుతురులో, తండ్రి బంతి విసురుతున్నాడు, బాబు పట్టుకుంటున్నాడు. జారవిడిచినప్పుడల్లా తండ్రే పరుగెత్తి తెచ్చి మళ్ళీ చేతికిస్తున్నాడు.

ప్రియ సహోదరీ సహోదరులారా, మన ప్రభువు శిష్యులలో కూడా బంతి జారవిడిచినవాడు ఒకడున్నాడు. పేతురు. వలలు విడిచి వెంబడించాడు, నీళ్ళ మీద నడిచాడు, ప్రభువును క్రీస్తని ఒప్పుకున్నాడు. తీరా గీత దగ్గరకొచ్చాక, ఆ రాత్రి చలిమంట దగ్గర, ఆ మనిషిని నేనెరుగనని మూడుసార్లు బొంకాడు. మనమైతే ఏం చేస్తాం? ఆ రాత్రికొక పేరు పెట్టి, బ్రతికినంతకాలం అతణ్ణి ఆ పేరుతోనే పిలుస్తాం. కాని తిరిగి లేచిన ప్రభువు ఏం చేశాడు? సముద్రతీరాన నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, ముందు భోజనం పెట్టాడు. తరువాత మూడుసార్లు ప్రేమను గూర్చి అడిగాడు. మూడుసార్లూ పని అప్పగించాడు. జారిపోయిన బంతిని తెచ్చి మళ్ళీ చేతికిచ్చాడు.

ఇప్పుడు నా సంగతి ఒప్పుకోవాలి. మా సంఘంలో ఒక యౌవనస్థుడు, క్రిస్మస్ కానుకల లెక్కలో పొరపాటు చేశాడు. దొంగతనం కాదు, కూడికలో తప్పు. నేను అందరి ముందు గట్టిగా మాట్లాడాను. ఆ తరువాత పదేళ్ళపాటు లెక్కల పుస్తకం అతని చేతికివ్వలేదు. ఆ పదేళ్ళూ అతడు కుర్చీలు వేశాడు, మైకు కట్టాడు, రోగులకు అన్నం మోశాడు. అదంతా నాకు కనిపించలేదు. క్లీవ్‌లాండ్ నుంచి తిరిగి వచ్చిన వారంలోనే అతనింటికి వెళ్ళి, "తమ్ముడూ, నన్ను క్షమించు" అన్నాను. అతడు నా కాళ్ళ మీద పడబోయాడు. నేను పట్టుకుని లేపాను. ఇప్పుడు ఆ పుస్తకం అతని దగ్గరే ఉంది.

మరి ఆ జట్టు సంగతి ఏమైందని అడుగుతారా? ఆ సంవత్సరం 16 ఆటలకు 16 ఓడిపోయారు. 2018 జనవరి 6న, గడ్డకట్టే చలిలో, అభిమానులు స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు చేశారు. కోపాన్ని నవ్వుగా మార్చుకున్నారు, పేదల ఆహార నిధికి విరాళాలు పోగుచేశారు. ఈ తండ్రీకొడుకులు కూడా వెళ్ళి, ఆ నిధికి తమ వంతు ఇచ్చి వచ్చారు. ఆ సెప్టెంబరు 20న జట్టు న్యూయార్క్ జెట్స్‌ను 21-17తో ఓడించింది. 635 రోజుల తరువాత మొదటి గెలుపు. మనకు మరుసటి ఉదయం. బాబు ఫోన్ చేసి, "పాస్టర్ అంకుల్, గెలిచాం!" అని అరిచాడు. 2021 జనవరిలో పిట్స్‌బర్గ్ మీద ఒక పెద్ద గెలుపు కూడా వచ్చింది. మళ్ళీ 2024లో 17 ఆటలాడి మూడే గెలిచారు. జట్టు మీద ఆశపెట్టుకున్నవాడికి ఇలాగే ఉంటుంది. ఆ తండ్రి ఇప్పటికీ ఆట చూస్తాడు, ఇప్పటికీ బాధపడతాడు. అయితే ఆట ముగిశాక టీవీ కట్టేసి, కొడుకుతో కలిసి బయటికి వెళతాడట.

ప్రియ శ్రోతలారా, నీ ఇంట్లో బంతి జారవిడిచినవారు ఎవరు? పరీక్ష తప్పిన కుమారుడా? వ్యాపారంలో నష్టపోయిన భర్తా? ఏనాడో ఒక మాట అన్న కోడలా? ఆ ఒక్క తప్పుతోనే వారిని పిలుస్తున్నావా? వారు పరుగెత్తిన 187 గజాలు నీకు జ్ఞాపకమున్నాయా? ఈ రోజే, ఈ సాయంకాలమే, వారి దగ్గరకు వెళ్ళు. జారవిడిచినది నీవేనా? అయితే ధైర్యం తెచ్చుకో. తీరాన నిప్పులు రాజేసి ప్రభువు నీకోసం ఎదురుచూస్తున్నాడు.

తలలు వంచి ప్రార్థన చేసుకుందాం. దయగల తండ్రీ, మా కోపంతో మేము గాయపరచినవారిని జ్ఞాపకం చేసుకుంటున్నాము. వారి దగ్గరకు వెళ్ళే ధైర్యం మాకు దయచేయుము. పడిపోయినవారి చేతికి మళ్ళీ పని అప్పగించే మనసు మా ఇళ్ళకు, మా సంఘాలకు అనుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుని చిత్తమైతే వచ్చే వారం ఇదే సమయానికి మరల కలుసుకుందాం. అంతవరకు ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక.