ఉపగ్రహములు – జలోపద్రవ నివారణము
(తెల్లాపురమున జరిగిన మన వార్షిక మహాసభలో నొసంగిన యుపన్యాసము)



మనము గంగమ్మను నమ్ముకొని బ్రతికినవారము. నీరు మనకు అన్నము పెట్టినది. అదియే మనవారిని పొట్టనబెట్టుకొన్నది. కావున నీటివలన గలుగు నుపద్రవములను, వానిని ముందుగా నెఱుంగు సాధనములను గూర్చి మనవిచేసెదను.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమవారు మఱువజాలరు. ఆనాటి యుప్పెన గ్రామములకు గ్రామములనే తుడిచివేసెను. వేలకొలది జనులు మడిసిరి. తీరమున గుడిసెలలో నున్న వలకారులును కూలివారును అనేకులు బలియైరి. అప్పటికి మింట నిలిచి తుపానును కనిపెట్టు స్వంత యుపగ్రహము మన దేశమునకు లేదు. 1983లో ఇన్సాట్-1బి ఆ కొఱతను దీర్చెను. అట్టి యుపగ్రహము 36,000 కిలోమీటర్ల యెత్తున భూమితోడనే తిరుగుచు, ఒకే ప్రదేశమును రేయింబవళ్లు చూచుచుండును.

2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను ఒడిషాలో గోపాలపురము చెంత తీరము దాటెను. దాని రాకను ముందే గుర్తించి, ఒడిషా, ఆంధ్ర తీరములనుండి సుమారు పదిలక్షలమందిని సురక్షిత స్థలములకు జేర్చిరి. గాలి భయంకరమే యైనను, ప్రాణనష్టము కొన్ని పదులకు మించలేదు. అయితే ప్రాణములను నిలిపినది ఉపగ్రహమొక్కటియే కాదు. వార్త గుడిసెదాకా వచ్చినది. విన్నవారు ఇల్లు విడిచి కదలిరి.

ఈ పని యెక్కడనో జరుగుచున్నదని తలంపవలదు. బాలానగరమున జాతీయ దూరసంవేదన కేంద్రమున్నది. ఉపగ్రహముల చిత్రములను గ్రహించు దాని యాంటెనాలు షాద్‌నగర్‌లో నున్నవి. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రము, 2004నాటి సునామీ తరువాత, 2007 మొదలు సునామీ హెచ్చరికల నిచ్చుచున్నది. సముద్రపు వేడిమిని, రంగును ఉపగ్రహములచే గ్రహించి, చేపలు దొరకు తావులను గూడ జాలరులకు దెలుపుచున్నది.

వరదవేళ మబ్బు క్రమ్మి యుండును గదా, పైనుండి యేమి కనబడునని కొందఱు శంకింతురు. రాడారు కిరణములు మబ్బును దూసికొని పోవును. నిశ్చలమైన నీరు వానిని ప్రక్కకు మఱలించుటచే చిత్రమున నల్లగా గానవచ్చును. అందుచే ముంపు ఎంతమేర వ్యాపించినదో చీఁకటిలో సైతము తెలియును. 2025 జూలై 30వ తేదీన శ్రీహరికోటనుండి ఎగసిన నైసార్ ఇట్టి రాడారు గలదియే.

ఇక మన సంగతి. 2020 అక్టోబరు 13వ తేదీన ఘటకేసరమున నొక్కదినముననే 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసెను. ఆ వాయుగుండము కదలికను ఉపగ్రహములు చూచుచునే యుండెను. కాని నగరమున నీరు పోవుటకు త్రోవయేది? శిఖము భూములలో ఇండ్లు లేచినవి, నాలాలు ఇరుకైనవి, అలుగు దూకిన నీరు వాకిండ్లలో జొచ్చినది. ముందుగా దెలిసియు తొలగలేని చోట తెలివి నిష్ఫలము.

అయినను ఒక యూరట యున్నది. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ చిత్రములును, 1988 మొదలు మన ఐఆర్ఎస్ చిత్రములును చెఱువులకు చెఱగని సాక్ష్యములు. ఒకనాడు నీరెంతదాకా నిలిచెనో అవి చెప్పగలవు. కాగితము మార్చవచ్చును గాని, నాడు గీసికొన్న నీటి రూపమును మార్చరాదు.

కావున ఈ సభకు నా విన్నపములు మూడు. చదువుకొన్న మన యువకులు ఈ చిత్రములను జదువుట నేర్చి, ప్రతిగ్రామ చెఱువునకు పటము సిద్ధపఱుపవలయును. దాతలు అందులకు తోడ్పడవలయును. తీరమునందలి మన బంధువులు హెచ్చరిక విన్ననాడు, ఒక్క వేటకూలి పోయినను, వల విడిచి ఒడ్డుచేరునట్లు సంఘము వారికి ఆసరా నీయవలయును. పూట గడవనివానికి హెచ్చరిక చెప్పుట సులభము, దానిని పాటించుట దుష్కరము. ఆ లోటును దీర్చుటయే కులసంఘ ధర్మమని నా విశ్వాసము.