గుట్ట మీది కోళ్లు, వలస పోయే ఇండ్లు



ఆదోని, ఎమ్మిగనూరు దిక్కు తండాల నుంచి వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రోజు కోళ్ల గురించి మాట్లాడతా. నవ్వకండి. హక్కుల సభలో కోళ్లేంటి అనుకుంటున్నారేమో. మన ఇండ్లలో ఆడవాళ్లు ఎవర్నీ అడక్కుండా అమ్ముకోగలిగే ఆస్తి ఏదన్నా ఉంటే అది కోడే. బిడ్డకు జ్వరమొస్తే షావుకారి గడప తొక్కకుండా కాపాడేది అదే.

మన గుట్టలు నల్లమల లాంటివి కావు. బండరాళ్లు, తుమ్మ, రేగు, తంగేడు, సీతాఫలం పొదలు. కోడికి అది చాలు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుకోవాల్సిందే. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజు రేకుల షెడ్డులో కోళ్లు పడిపోతాయి. పొద కింద మన్ను గీరుకుని పడుకున్నది తట్టుకుంటుంది. గద్ద దిగినా దూరడానికి పొద ఉంటుంది. వాలు మీద వాన నీళ్లు నిలవవు కాబట్టి పిల్లలకు రక్తపారుడు కూడా తక్కువ. అయితే గూడు నీళ్లు పారే దారిలో పెట్టొద్దు. వాలు మధ్యలో, రాళ్ల మీద ఎత్తుగా కట్టండి. చీకటి పడే లోపల తలుపు వేయాలి. ముంగిస, అడవిపిల్లి మనకంటే ముందే లెక్క చూసుకుంటాయి.

పిల్లల మేతకు దుడ్లు పెట్టక్కర్లేదు. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ కూరి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించండి. తెల్లారేసరికి చెదలు ఎక్కి ఉంటాయి. దులిపితే పిల్లలకు అంతకు మించిన బలం లేదు.

ఇక జాతి సంగతి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలు తయారు చేసింది. గ్రామప్రియ గుడ్లు బాగా పెడుతుంది, వనరాజా బరువు బాగా పెరుగుతుంది. కాదనను. కానీ అవి సరిగా పొదగవు. ప్రతిసారీ పిల్లల కోసం ఎవరో ఒకరి దగ్గరికి పోవాలి. మన నాటు పెట్ట విడతకు పదో పదిహేనో గుడ్లే పెట్టినా, 21 రోజులు కూర్చుని తన మందను తానే పెంచుతుంది. స్కీములో పిల్లలిస్తే తీసుకోండి, పొదిగే పెట్టను మాత్రం అమ్ముకోవద్దు.

మరి మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు వలస పోతే కోళ్లను ఎవరు చూస్తారు? చాలా ఇండ్లలో బస్సెక్కే ముందు రోజు ఉన్నవన్నీ వచ్చిన రేటుకు అమ్మేస్తారు. తిరిగొచ్చాక మళ్లీ సున్నా నుంచి మొదలు. ఉమ్మడి తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆదివాసీ ఆడవాళ్లు పెట్టను 'వాటా'కు ఇస్తారు. పెంచినామెకు పిల్లల్లో భాగం, పెట్ట ఇచ్చినామెకు భాగం. మన దగ్గర గొర్రెలకు, మేకలకు పాలు లెక్క ఉంది కదా, కోళ్లకు ఎందుకు పెట్టకూడదు? తండాలో మిగిలేది ముసలివాళ్లే. వాళ్లకూ నాలుగు గుడ్లు మిగులుతాయి.

పాలుకు ఇచ్చే ముందు టీకా వేయించాలి. కొక్కెర తెగులొస్తే తండా తండా ఊడ్చుకుపోతుంది, దానికి మందు లేదు, టీకా ఒక్కటే. పుట్టిన వారంలో లసోటా చుక్క కంట్లో, రెండు నెలలు దాటినాక రెక్క కింద ఆర్‌టూబీ సూది. సీసాలో మందు వందకు పైగా కోళ్లకు సరిపోతుంది, తెరిచినాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి, దారిలో ఐసులో ఉండాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లు సీసా తెరిపించలేదు. ఇరవై ఇండ్లు ఒకే పొద్దున గంపలు పట్టుకుని నిలబడితే డాక్టరు కాదనలేడు. జబ్బు పడిన దానికి వేయించొద్దు, దాన్ని సంతకు కూడా తీసుకుపోవద్దు.

గుట్ట సంగతి కూడా చెప్పాలి. పొదలు నరికేస్తే, కంచె పడితే ఈ మాటలన్నీ గాలికే. ఆదోని షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి 2006 అటవీ హక్కుల చట్టం మనకు రాదని కొందరు చెప్తారు. తప్పు. అటవీ భూమి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి స్వాధీనంలో ఉన్న ఎస్టీ కుటుంబం 4 హెక్టార్ల దాకా అడగొచ్చు. మేతకు, అడవి ఫలసాయానికి ఉమ్మడి హక్కు వేరే ఉంది. అర్జీ ముందు గ్రామసభకు. అయితే మీ గుట్ట అటవీ శాఖదా, రెవెన్యూదా అన్నది సర్వే నంబరు చూసి తేల్చుకోండి. రెవెన్యూదైతే దారి వేరు.

ఇప్పుడు చేయాల్సింది చిన్నది. చదువుకున్న పిల్లలు ఇద్దరు నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరగండి. ఎన్ని కోళ్లు, ఎన్ని పొదిగే పెట్టలు, ఎవరెప్పుడు వలస పోతున్నారు, ఎవరు ఉంటున్నారు, రాయండి. ఆ కాగితం తీసుకుని పశువుల ఆసుపత్రికి పోదాం.