పిట్టలకొక కొయ్య మండపము

కోతల కాలమున వరికంకులను కుచ్చుగా అల్లి ఇంటి చూరునకు వ్రేలాడగట్టుట మన కోస్తా పల్లెలలో పాత అలవాటు. ఆ కుచ్చు ఇంటికి అలంకారము, పిచ్చుకలకు ఆహారము. నేడు చూరులేని మేడలలో నివసించువారును ఆ అందమును, ఆ ఉపకారమును కొంతవరకు నిలుపుకొనవచ్చునని మా నమ్మకము. అందులకై పెరటిలో నిలుపదగిన చిన్న కొయ్య మండపమును గూర్చి ముచ్చటింతము.

ముందు కఱ్ఱ సంగతి. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి చెక్కడమునకు అనువైనదే కాని, ఆరుబయట వానకు ఓర్వదు. వడ్రంగి కొట్టములో మిగిలిన టేకు ముక్కలు మనకు చాలును. అరంగుళము మందముగల పలకను 12 అంగుళముల పొడవు, 9 అంగుళముల వెడల్పుగా కోసి పళ్లెముగా అమర్పుడు. చుట్టును అంగుళము ఎత్తున అంచు కట్టి, వాననీరు దిగిపోవుటకు అడుగున ఐదారు సన్నని బెజ్జములు వేయుడు. నాలుగు మూలలను 8 అంగుళముల స్తంభములు నిలిపి, ఇరుకు వైపుల రెండింటను వానిపై త్రికోణపు పలకలు బిగింపుడు. ఒక్కొక్క త్రికోణమునకు అడుగు 9 అంగుళములు, ఎత్తు 3 అంగుళములు. వీనిపై 16 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పుగల రెండు పలకలను వాలుగా దించినచో నలువైపుల రెండేసి అంగుళముల చూరు వచ్చును. మామూలు మేకులకంటె మరమేకులు మేలు.

ఇక అలంకారము. చూరు అంచున కలువరేకులనో, చిలుకలనో ఇష్టము వచ్చినట్లు చెక్కుకొనవచ్చును. రంగు మాత్రము కప్పు పైభాగమునకే పరిమితము కావలెను. కొన్ని రంగులలో సీసము ఉండును. పళ్లెమునకు పూసినచో పక్షి పొడిచిన చోట పెచ్చులూడి గింజలతోపాటు దాని కడుపులోనికి పోవును. చూరున ఒక కొక్కెము తగిలించి వరికుచ్చు వ్రేలాడదీసినచో అంతకు మించిన అలంకారము లేదు.

మండపమును ఐదడుగుల గుంజపై నిలిపి, గుంజ నడుమ రేకు గరాటును బోర్లించి తొడిగినచో పిల్లి పైకి ప్రాకలేదు. పిల్లి పొంచియుండదగిన పొదలు దగ్గర ఉండరాదు. నూకలు, కొఱ్ఱలు, సజ్జలు వేయవచ్చును. ఉప్పు చేరిన వంటకములు వలదు. తడిసిన గింజలకు బూజు పట్టును, అది పక్షులకు హాని. కావున వారమునకొకమారు పళ్లెమును కడిగి ఎండబెట్టవలెను. ప్రక్కన మట్టిమూకుట నీరుంచుట మరువరాదు.

ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. పిచ్చుకలు అంతటను అంతరించుచున్నవనుట సరికాదు. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక దేశమంతట వాని సంఖ్య దాదాపు నిలకడగా ఉన్నదనియు, మహానగరములలో తగ్గుచున్నదనియు తెలిపినది. నగరములోని లోటును గింజలొక్కటే తీర్చజాలవు. ఎదిగిన పిచ్చుక గింజలు తినును గాని, కూనలకు అది పురుగులనే ఎక్కువగా తెచ్చి పెట్టును. మొక్కలపై పురుగుమందు చల్లుచు ప్రక్కనే మండపము నిలుపుట ఒక చేత పెట్టి మఱియొక చేత లాగికొనుటయే యగును. కావున మండపము నిలుపువారు ఆ పెరటిలో మందు చల్లుట మానవలెను. కొన్ని ఆకులు పురుగుల పాలైనను ఓర్చుకొనవలెను. తొలినాళ్ల పిట్టలు రాకున్నను నిరుత్సాహపడక, ప్రతి ఉదయము గుప్పెడు గింజలు వేయుచుండుడు.